విదేశ విద్యకు పదునెనిమిది నెలల సన్నాహము

(మన సంఘపు విద్యార్థి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బిడ్డలు విదేశములలో చదువుకొనుటను గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. విదేశములు అనేకములు. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క పద్ధతి కలదు. అన్నిటిని గూర్చి తలకొక మాట చెప్పినచో ఏ ఒక్కరికిని ఉపయోగపడదు. కావున ఒక్క జర్మనీ దేశమును మాత్రము తీసికొని, అచటికి పోదలచిన విద్యార్థి ఏమేమి సిద్ధపఱచుకొనవలెనో వరుసగా మనవి చేసెదను. జర్మనీని ఎన్నుకొనుటకు కారణమున్నది. అచటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవఱకు బోధన రుసుము లేదు. అందుచేత మధ్యతరగతి కుటుంబముల చూపు ఆ వైపునకు మరలినది. అయితే ‘రుసుము లేదు’ అను మాట వినగానే ‘ఖర్చు లేదు’ అని అర్థము చేసికొనువారు మనలో పెక్కుమంది. ఈ రెండు మాటలకు నడుమ సంవత్సరమునకు పండ్రెండు లక్షల రూపాయల దూరమున్నది. ఆ దూరమును తెలిసికొనక ఇల్లు తాకట్టుపెట్టిన కుటుంబమునకు కలుగు కష్టము చిన్నది కాదు. నా ప్రసంగమునకు అదియే కారణము.

పూర్వులు నడచిన త్రోవ

సముద్రము దాటి చదువుట మనవారికి క్రొత్త కాదు. బరంపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో 1894లో జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో ఐర్లండునకు పోయి డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివిరి. అచటి స్వాతంత్ర్యోద్యమమువారితో చెలిమి చేసినందులకు 1916లో ఆయనను దేశము విడిచి పొమ్మనిరి. తిరిగివచ్చి మదరాసు హైకోర్టున న్యాయవాదియై, కార్మికోద్యమమున పనిచేసి, 1969లో భారత రాష్ట్రపతి అయిరి. భీమవరమున 1895లో పుట్టి, మదరాసులో వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాలోని బోస్టను చేరిరి. మామగారి ద్రవ్యసాయముతో బయలుదేరిన ఆ వైద్యుడు అచట జరుగుబాటునకై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న నౌకరీ చేయవలసివచ్చెను. మూడేండ్లలోనే, 1925లో, ఫిస్కెగారితో కలసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరుతోనే పిలువబడుచున్నది.

వీరితోపాటు మఱియొకరిని కూడ తలచుకొనవలెను. తిరుత్తణి ప్రాంతపు తెలుగు కుటుంబములో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు విద్యార్థిగా ఏ విదేశ విశ్వవిద్యాలయపు గడపయు తొక్కలేదు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువు ముగించిరి. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారిని ఆచార్యపీఠముపై కూర్చుండబెట్టినది. కావున పోయినవాడు గొప్పవాడు, పోనివాడు తక్కువవాడు అను తలంపును మొదట వదలివేయుదము. పోవుట ఒక సాధనము మాత్రమే. ఏ ప్రయోజనమునకు అన్న ప్రశ్నకు విద్యార్థి తన నోటితో, తన మాటలలో జవాబు చెప్పగలుగవలెను. ‘పక్కింటివారి అబ్బాయి పోయినాడు’ అనునది జవాబు కాదు.

ఏ చదువు, ఏ విద్యాలయము

జర్మనీలో ఉన్నత విద్యాలయములు ముఖ్యముగా రెండు విధములు. విశ్వవిద్యాలయములందు శాస్త్రమునకు, పరిశోధనకు ప్రాధాన్యము. హోఖ్‌షూలె అని పిలువబడు వృత్తి విజ్ఞాన కళాశాలలందు కర్మాగారపు పనికి సంబంధించిన అభ్యాసమునకు ప్రాధాన్యము. రెండును పట్టములనిచ్చునవే. పరిశోధన చేయదలచినవాడు మొదటిదానిని, యంత్రశాలలో ఉద్యోగమును కోరువాడు రెండవదానిని ఎన్నుకొనుట యుక్తము. పేరు ప్రఖ్యాతిని మాత్రమే చూచి ఎన్నుకొనరాదు.

ఒక ఉదాహరణము చెప్పెదను. సోలాపురమునందును భివండియందును మగ్గమును నమ్ముకొని బ్రతికిన తెలుగు కుటుంబములు వేలకొలదిగ ఉన్నవి. ఆ యింటి బిడ్డడు యంత్రశాస్త్రములో పట్టము పొందియున్నచో, ఆఖెన్, డ్రెస్డెన్ నగరముల సాంకేతిక విశ్వవిద్యాలయములలో వస్త్రశాస్త్రమునకు ప్రత్యేక శాఖలు కలవని అతనికి తెలియవలెను. తాత నేర్చిన విద్యకు మనుమడు శాస్త్రమును జోడించుట కంటె మంచి కారణము మఱేమి కావలెను? కాని మన పిల్లలలో నూటికి తొంబదిమంది కంప్యూటరు శాఖ తప్ప మఱియొక పేరు వినకయే దరఖాస్తు వ్రాయుచున్నారు.

పండ్రెండవ తరగతి ముగించినవారు ఒక సంగతి గమనింపవలెను. మన పండ్రెండవ తరగతి పట్టా ఒక్కటియే సాధారణముగా అచటి ప్రవేశమునకు చాలదు. ఇచట గుర్తింపు గల విశ్వవిద్యాలయములో ఒక సంవత్సరమైనను అదే శాఖలో చదివి ఉత్తీర్ణులైయుండవలెను. లేదా అచట ష్టూడియెన్‌కొల్లెగ్ అను ప్రవేశ విద్యాలయములో ఒక సంవత్సరము చదివి పరీక్ష నెగ్గవలెను. అచటి బోధన సాధారణముగా జర్మను భాషలోనే ఉండును. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి సాంకేతిక శాఖలలో నేరుగా ప్రవేశార్హత కలదు. ఇవన్నియు చూడగా, మనవారిలో అధికసంఖ్యాకులకు ఇచట మొదటి పట్టము ముగించి, రెండవ పట్టమునకు అచటికి పోవుటయే సులభమైన మార్గము. ఆ రెండవ పట్టము సాధారణముగా రెండేండ్ల చదువు.

మార్కుల విషయమున తల్లిదండ్రులు తెలిసికొనదగిన వింత యొకటి కలదు. జర్మనీలో 1 ఉత్తమము, 4 ఉత్తీర్ణతకు చివరి మెట్టు, 5 తప్పినట్లు. మన మార్కులను వారి లెక్కలోనికి మార్చుటకు ఒక సూత్రమున్నది. గరిష్ఠాంకమునుండి మనకు వచ్చిన అంకమును తీసివేసి, దానిని గరిష్ఠాంకమునకును ఉత్తీర్ణాంకమునకును గల భేదముచే భాగించి, మూడింట గుణించి, ఒకటి కలుపవలెను. పదింటికి ఎనిమిది వచ్చి, ఉత్తీర్ణాంకము నాలుగైనచో వారి లెక్కలో 2.0 అగును. ఉత్తీర్ణాంకము అయిదైనచో అదే ఎనిమిది 2.2 అగును. పెక్కు శాఖలవారు 2.5 లేక అంతకంటె మేలైన అంకమును కోరుదురు. కావున రెండవ సంవత్సరము చదువుచున్నపుడే ఈ లెక్క వేసికొన్న విద్యార్థికి తన పరిస్థితి స్పష్టముగ తెలియును. ఇంకను సమయముండగనే దానిని సవరించుకొనవచ్చును.

పేరు, కాగితములు

ఇపుడు చెప్పబోవునది ప్రత్యేకముగా మన కుటుంబములకు సంబంధించినది. తెలుగువారికి ఇంటి పేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. తరతరములుగా తమిళనాటను కన్నడనాటను నివసించుచున్న మన కుటుంబములలో ఇంటి పేరు వాడుకలో మరుగుపడి, తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రము పేరునకు ముందు నిలిచినది. మహారాష్ట్రమున నడుమ తండ్రి పేరు, చివర ఇంటి పేరు వచ్చును. ఒకే ఇంటిలో అన్న పాఠశాల పట్టీలో ఒక విధముగను, తమ్ముని ఆధారు కార్డులో మఱియొక విధముగను పేర్లుండుట మనకు వింత కాదు. పరదేశపు కచేరీలో మాత్రము ఇది పెద్ద చిక్కు. పాస్‌పోర్టులో ఇంటి పేరునకు ఒక గడి, వ్యక్తి పేరునకు ఒక గడి యుండును. పొట్టి అక్షరము విస్తరించి తండ్రి పేరుగా ఒకచోట, ఇంటి పేరుగా మఱియొకచోట వ్రాయబడినచో ఇద్దరు వేర్వేరు మనుష్యులని అధికారి సందేహించును.

కావున మొట్టమొదటి పని ఇది. పదవ తరగతి పట్టా, పండ్రెండవ తరగతి పట్టా, కళాశాల మార్కుల పట్టీలు, జనన ధ్రువపత్రము, పాస్‌పోర్టు అన్నియు ఒకే బల్లపై పరచి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరము అక్షరముగా సరిచూచుకొనవలెను. భేదమున్నచో ఇప్పుడే సవరణకు దరఖాస్తు పెట్టవలెను. పాఠశాల బోర్డులలో ఈ సవరణకు నెలలు పట్టును. జనన ధ్రువపత్రము తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ భాషలలో నున్నచో అధికారముగల అనువాదకునిచే ఇంగ్లీషు అనువాదము చేయించుకొని ఉంచుకొనవలెను. చివరి నెలలో దీనికై పరుగులెత్తినవారికి తీరిక దొరకదు.

ఏ.పీ.ఎస్. అను పరిశీలన

2022 నవంబరు 1వ తేదీ నుండి జర్మనీకి విద్యార్థి వీసా కోరు భారతీయులు, కొన్ని మినహాయింపులు తప్ప, ఏ.పీ.ఎస్. అను సంస్థ ఇచ్చు ధ్రువపత్రమును చూపవలెను. ఈ కార్యాలయము ఢిల్లీలోని జర్మను రాయబార కార్యాలయమునకు అనుబంధమైనది. విద్యార్థి పంపిన పట్టాలు నిజమైనవో కావో, అవి జర్మను చదువునకు అర్హతనిచ్చునో లేదో పరిశీలించి ధ్రువపత్రమిచ్చుట దీని పని. ఇందులకు రుసుము 18,000 రూపాయలుగా నిర్ణయించిరి. పరిశీలన ముగియుటకు వారములు, రద్దీ కాలమున నెలలు పట్టును. పెక్కు విశ్వవిద్యాలయములు దరఖాస్తుతోనే ఈ పత్రమును అడుగుచున్నవి. కావున దరఖాస్తు గడువునకు చాల ముందుగనే దీనిని చేతిలో పెట్టుకొనవలెను.

దరఖాస్తులు కొన్ని విశ్వవిద్యాలయములకు నేరుగా పంపవలెను. మఱికొన్నిటికి ఊని-అసిస్టు అను ఉమ్మడి సంస్థ ద్వారా పంపవలెను. ఆ సంస్థ ఒక సెమిస్టరులో మొదటి దరఖాస్తునకు 75 యూరోలు, తరువాతి ప్రతిదానికి 30 యూరోలు తీసికొనును. శీతకాలపు సెమిస్టరు అక్టోబరు 1న, వేసవి సెమిస్టరు ఏప్రిలు 1న ఆరంభమగును. దరఖాస్తులకు సామాన్య గడువులు జూలై 15, జనవరి 15. కాని విదేశ విద్యార్థులకు ఈ గడువు ఎన్నో చోట్ల మార్చి, ఏప్రిలు, మే నెలలలోనే ముగియును.

దరఖాస్తుతోపాటు ‘ఈ చదువు నాకేల’ అని వివరించు ఉత్తరము వ్రాయవలెను. దీనిని డబ్బు తీసికొని వ్రాసిపెట్టువారు ప్రతి నగరమున ఉన్నారు. ఆ అంగడి ఉత్తరములన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును. చదువు ఆచార్యులకు అది మొదటి పంక్తిలోనే తెలిసిపోవును. విద్యార్థి తాను చేసిన ఒక ప్రయోగమును, తాను చదివిన ఒక గ్రంథమును, ఆ విశ్వవిద్యాలయములో తనకు కావలసిన ఒక పాఠ్యాంశమును సూటిగా వ్రాసినచో చాలును. భాష సాదాగా ఉన్నను దోషము లేదు. మాట తనది కావలెను.

ద్రవ్యము

బోధన రుసుము విషయమున కూడ అంతటను ఒకే నియమము లేదు. బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రమున 2017 శీతకాలము నుండి ఐరోపా కూటమికి వెలుపలి విద్యార్థులు సెమిస్టరునకు 1,500 యూరోలు చెల్లించుచున్నారు. మ్యూనికు సాంకేతిక విశ్వవిద్యాలయము 2024 శీతకాలము నుండి చదువును బట్టి సెమిస్టరునకు 2,000 మొదలు 6,000 యూరోల వఱకు నిర్ణయించినది. రుసుము లేనిచోట్ల కూడ సెమిస్టరు చందా అని కొంత చెల్లింపవలెను. అది చోటును బట్టి సుమారు 100 మొదలు 400 యూరోలుండును. చాలచోట్ల స్థానికపు బస్సు, రైలు ప్రయాణము అందులోనే చేరియుండును.

అసలు భారము బ్రతుకు తెరువునకు సంబంధించినది. విద్యార్థి ఒక సంవత్సరపు జీవనవ్యయమును ముందుగనే బ్లాక్డ్ అకౌంటు అను ప్రత్యేక ఖాతాలో వేసి చూపవలెను. 2024 సెప్టెంబరు నుండి ఈ మొత్తము 11,904 యూరోలు. జర్మనీ చేరిన తరువాత నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే అందులోనుండి తీయనిత్తురు. యూరోకు నూఱు రూపాయలని లెక్కవేసినను ఇది సుమారు 12 లక్షల రూపాయలు. రెండవ సంవత్సరమున నివాసానుమతిని పొడిగించునపుడు కూడ జీవనాధారమును చూపవలెను. అనగా రెండేండ్లకు 24 లక్షలు మనస్సులో ఉంచుకొనవలెను. దీనికి తోడు విమానపు టిక్కెట్టు, చలిబట్టలు, గదికి ముందుగా కట్టు ధరావతు ఉండును. ఆ ధరావతు మూడు నెలల అద్దె వఱకు అడుగుటకు అచటి చట్టము అనుమతించును. నెలకు 992 యూరోలు చిన్న పట్టణమున పొదుపరికి సరిపోవును. మ్యూనికు వంటి నగరమున చాలవు. ఆరోగ్య బీమాకే నెలకు సుమారు 150 యూరోలగును. ఈ అంకెలన్నియు కాలానుసారముగ మారుచుండును. బయలుదేరు సంవత్సరమున రాయబార కార్యాలయమువారి ప్రకటనను చూచుకొనక అడుగు వేయరాదు.

‘అచటికి పోయి పని చేసికొని చదువుకొనును’ అని ధైర్యము చెప్పువారున్నారు. 2024 మార్చి నుండి విదేశ విద్యార్థి సంవత్సరమునకు 140 పూర్తి దినములు, లేదా 280 సగము దినములు పని చేయవచ్చునని చట్టము. చట్టము అనుమతించుట వేఱు, పని దొరకుట వేఱు. జర్మను భాష రానివానికి మొదటి నెలలలో పని దొరకుట కష్టము. దొరకినను చదువు వెనుకబడునేమోయని చూచుకొనవలెను. సుబ్బారావుగారు రాత్రి పని చేసి పగలు చదివిరని విని మన బిడ్డలందఱిపై ఆ బరువు మోపుట న్యాయము కాదు. మొదటి సంవత్సరమునకు పనిపై ఆశ పెట్టుకొనకుండ లెక్క వేసికొనుట క్షేమము.

బ్యాంకు ఋణమును గూర్చి రెండు మాటలు. బ్యాంకుల నమూనా విద్యాఋణ పథకము ప్రకారము ఏడున్నర లక్షలకు పైబడిన ఋణమునకు స్థిరాస్తి వంటి హామీ చూపవలెను. చదువు కాలమును, ఆపై ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కఱలేదు. వడ్డీ మాత్రము ఆ కాలమున కూడ పెరుగుచునేయుండును. ఈ మాట ఋణపత్రములోనే యుండును. కాని సంతకము చేయు తండ్రికి ఎవ్వరును చదివి వినిపింపరు. ఇల్లు తాకట్టు పెట్టునపుడు ఇంటి యాడవారితో, ముసలివారితో, చెల్లెండ్ర పెండ్లి, తమ్ముల చదువు మున్నగు బాధ్యతలతో కలిపి ఆలోచింపవలెను. ఒక బిడ్డ చదువునకై మఱియొక బిడ్డ చదువు ఆగిపోయినచో అది సన్నాహము కాదు. ముఖ్యముగా కుమారుని పంపుటకై కుమార్తె చదువు ఆపినవారు ఆ లెక్కను మరల ఒకసారి చూచుకొందురుగాక.

సాయము చేయు సంస్థలు లేకపోలేదు. 1925లో స్థాపింపబడిన డి.ఏ.ఏ.డి. అను జర్మను విద్యా వినిమయ సంస్థ విద్యార్థి వేతనముల నిచ్చుచున్నది. ప్రతిభ గల విద్యార్థులకు 2011 నుండి డాయిచ్‌లండ్ స్టిపెండియం అను పేర నెలకు 300 యూరోలిచ్చు ఏర్పాటు కలదు. దీనికి జాతిభేదము లేదు, విదేశీయులును అర్హులే. వీటికి గడువులు వేఱుగా నుండును. ‘సీటు మేమిప్పింతుము, వీసా మేమిప్పింతుము’ అని లక్షలు అడుగు మధ్యవర్తులతో జాగ్రత్తగా ఉండవలెను. వారిలో కొందఱు రుసుము లేని ప్రభుత్వ విద్యాలయమును చెప్పక, తమకు దళారి సొమ్ము ఇచ్చు ప్రయివేటు విద్యాలయమును మాత్రమే చూపుదురు. వీసా ఇచ్చునది రాయబార కార్యాలయము, సీటు ఇచ్చునది విద్యాలయము. నడుమ నున్నవాడు ఇచ్చునది ఏమియు లేదు.

భాష

ఇంగ్లీషులో బోధించు శాఖలు జర్మనీలో వందలకొలదిగ నున్నవి. వానికి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేక టోఫెల్ పరీక్ష చాలును. దీనిని చూచి ‘జర్మను అక్కఱలేదు’ అనుకొనుచున్నారు. తరగతి గదిలో అక్కఱలేదు, నిజమే. కాని గది అద్దెకిచ్చు ముసలమ్మతో, వైద్యునితో, నగర కార్యాలయపు గుమాస్తాతో, చివరకు ఉద్యోగమిచ్చు యజమానితో మాట్లాడవలసినది జర్మనులోనే. చదువు ముగిసిన తరువాత ఉద్యోగము వెదకుకొనుటకు పదునెనిమిది నెలల అనుమతి నిత్తురు. ఆ పదునెనిమిది నెలలు ఫలించుట, ఫలింపకపోవుట చాలవఱకు భాషపై ఆధారపడియున్నది.

ఈ విషయమున మన కుటుంబములకు ఎవ్వరికిని లేని అనుకూలమున్నది. మన పూర్వులు హోసూరునకో, కోయంబత్తూరునకో, కోలారునకో, పర్లాకిమిడికో, సోలాపురమునకో పోయి స్థిరపడినపుడు ఆ ఊరి భాషను అంగడిలో నేర్చిరి, కచేరీలో నేర్చిరి. ఇంటిలో మాత్రము తెలుగు మానలేదు. రెండు మూడు భాషల నడుమ నిత్యము మెలగుట మన బిడ్డలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. జర్మనులో కొత్తవారిని, పెద్దవారిని పిలుచుటకు ఒక మాట, చనువుగలవారిని పిలుచుటకు మఱియొక మాట కలవు. మీరు, నీవు అను భేదము తెలిసిన తెలుగు బిడ్డకు అది చెప్పనక్కఱలేదు. వారి ఉపవాక్యములలో క్రియ చివరకు వచ్చును. మన వాక్యములో క్రియ ఉండు చోటు అదియే. భయపడవలసిన పని లేదు.

జర్మను నేర్పుటకు గోయిథె సంస్థవారి మాక్స్ ముల్లర్ భవనములు చెన్నై, బెంగుళూరు, ముంబయి, పూణె, కలకత్తా, ఢిల్లీ నగరములందున్నవి. బయలుదేరులోపల ఏ1, ఏ2 అను మొదటి రెండు మెట్లనైన ఎక్కుట మేలు. 1954 వఱకు ఫ్రెంచి పాలనలోనుండిన యానాము కుటుంబములలో ఫ్రెంచి వచ్చిన పెద్దలు ఇంకను ఉన్నచో, ఆ బిడ్డలు ఫ్రాన్సును గూర్చి విచారించుట మఱింత సహజము. ఏ దేశమైనను సూత్రమొక్కటే. ఆ ఊరి మాట రానిదే ఆ ఊరిలో కాలు నిలువదు.

అచట చేరిన తరువాత

ప్రవేశపత్రము చేతికి వచ్చిన దినముననే విద్యార్థి వసతిగృహమునకు దరఖాస్తు పెట్టవలెను. అచట చోటు దొరకుటకు చాలకాలము పట్టును. గదిలో చేరిన రెండు వారములలోపల నగర కార్యాలయమున నివాసము నమోదు చేయించుకొనవలెను. ఇందులకు ఇంటి యజమాని ఇచ్చిన పత్రము కావలెను. ఆ తరువాతనే విదేశీయుల కార్యాలయమునుండి నివాసానుమతి లభించును.

అచటి చదువులో హాజరు పట్టీతో వెంటబడువారుండరు. మూడు నెలలు ఎవ్వరును అడుగరు. పరీక్షలో మాత్రము ఒక్కసారిగా లెక్క తేలును. ఒక పరీక్షను సాధారణముగా మూడు పర్యాయములు వ్రాయనిత్తురు. తప్పనిసరి విషయములో చివరి పర్యాయమును తప్పినచో ఆ చదువునుండి తొలగింపబడుటయే కాక, అదే శాఖను ఆ దేశమున మఱియొకచోట చదువుటకును సాధారణముగా వీలుండదు. ఇది తెలియక మొదటి సెమిస్టరును తేలికగా తీసికొన్నవారు తరువాత తల్లిదండ్రులకు చెప్పలేక లోలోపల క్రుంగిపోవుదురు.

దీనికి తోడు డిసెంబరులో మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటి పడును. పండుగనాడు ఒంటరిగా గదిలో కూర్చున్న బిడ్డకు ఫోనులో మనము అడుగు మొదటి ప్రశ్న ఏమి? ‘పని దొరకినదా? మార్కులెన్ని?’ అని అడుగుచున్నాము. ‘తిన్నావా? ఎవరితోనైన మాట్లాడుచున్నావా?’ అని మొదట అడుగుడు. తప్పినాను అని చెప్పుకొనగల ఇల్లు వెనుక నున్న బిడ్డ మరల లేచి నిలువగలడు. విశ్వవిద్యాలయములలో విద్యార్థుల మనోవ్యథను వినుటకు సలహాదారులున్నారు. వారియొద్దకు పోవుట అవమానము కాదని బయలుదేరక ముందే ఇంటిలో చెప్పియుంచవలెను.

తెలుగు అక్షరము

చివరి మాట మన భాషను గూర్చి. మన బిడ్డలలో పెక్కుమంది తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు. వారు చదివినది తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో. బెర్లినులోనో, ఆఖెనులోనో వారికి హైదరాబాదునుండి, గుంటూరునుండి వచ్చిన తెలుగు విద్యార్థులు కనిపింతురు. ‘మీ తెలుగు వేఱుగా నున్నదే’ అని వారు నవ్వవచ్చును. అపుడు మన బిడ్డ సిగ్గుపడి ఇంగ్లీషులోనికి దిగరాదు. తన మాటలోని తమిళపు సడి, కన్నడపు యాస, ఒడియా పలుకు తరతరముల కాపురమునకు గురుతు. పాఠశాల అండ లేకయే ఇంటి మాటతో నిలిచిన తెలుగు అది. దానికి తలవంచుకొనవలసిన పని లేదు.

అయితే మాటకు తోడు అక్షరము కూడ ఉన్నచో బలము. పదునెనిమిది నెలల సన్నాహములో వారమునకు రెండు గంటలు తెలుగు చదువుటకు, వ్రాయుటకు కేటాయించినచో అక్షరములు వచ్చును. జర్మను భాషకు దినమున కొకగంట ఇచ్చువానికి ఇది భారము కాదు. పోయినచోటునుండి అమ్మమ్మకు నాలుగు పంక్తులు తెలుగున వ్రాసి ఫోనులో పంపగలిగినచో, ఆ ఇంటిలో భాష మఱియొక తరము నిలుచును.

ఇపుడు కాలపట్టికను క్లుప్తముగ చెప్పెదను. అక్టోబరులో తరగతిలో కూర్చుండదలచినవాడు దానికి ముందు సంవత్సరపు ఏప్రిలులో పని మొదలుపెట్టవలెను. ఏప్రిలు నుండి ఆగస్టు వఱకు పేర్ల సవరణ, పాస్‌పోర్టు, జర్మను మొదటి పాఠములు. సెప్టెంబరు, అక్టోబరులలో ఇంగ్లీషు పరీక్ష, ఏ.పీ.ఎస్. దరఖాస్తు. నవంబరు నుండి మార్చి వఱకు విద్యాలయములకు దరఖాస్తులు, విద్యార్థి వేతనముల విచారణ. ఏప్రిలు నుండి జూను వఱకు జవాబులు, బ్యాంకు ఋణము, బ్లాక్డ్ అకౌంటు. ఆపై వీసా, వసతి. సెప్టెంబరులో ప్రయాణము.

మన సంఘమునకు నా మనవి రెండు విషయములు. మన పఠనాలయమున ఒక పుస్తకము తెరచి, ఇదివఱకే విదేశములకు పోయిన మన పిల్లల అనుభవములను, వారు చెల్లించిన అసలు ఖర్చులను దేశమువారీగా వ్రాయించి యుంచుడు. మధ్యవర్తికి ఇచ్చు లక్షకంటె ఆ పుస్తకము విలువైనదగును. రెండవది, ఆదివారము ఉదయము రెండు గంటలు తెలుగు అక్షరములు నేర్పు తరగతి పెట్టుడు. పోవువారును, పోనివారును, పోయి తిరిగివచ్చువారును అందులో కలిసి కూర్చుండవచ్చును. ఇందులకు వచ్చెడి ఆదివారమే నాంది కావలెనని కోరుచున్నాను.